మా పాత మారుతీ 800 ఇగ్నిషన్ తాళం పట్టేస్తే ఏమేం జరిగిందంటే: అనంతపురంలో నా అనుభవం

ముందే లెక్క చెప్పేస్తా, చాలామంది దాని కోసమే చదువుతారు కాబట్టి. మొత్తం 1,930 రూపాయలు అయ్యింది. ఫిబ్రవరిలో మొదలైన బాధ ఏప్రిల్ 20న తీరింది. కొత్త తాళాల సెట్ కొనలేదు. మధ్యలో కొత్త సెట్ వేయించమన్నవాళ్లు, తాళమే పీకేసి స్విచ్చు పెట్టించుకోమన్నవాళ్లు, ఇంకా ఎన్నాళ్లు ఈ డబ్బా అని కారునే అమ్మేయమన్నవాళ్లు, అందరూ అయ్యారు.

బండి మా నాయనది. 2001 మోడల్, ఏపీ 02 నంబరు. కీలో చిప్ గిప్ ఏమీ లేదు, ఉత్త ఇనుప ముక్క. నాయన తోటకి పోవడానికి, నేను కాలేజీకి పోవడానికి అదే బండి. మా ఆయనకి గుంతకల్లులో రైల్వే ఉద్యోగం, వారంలో ఎక్కువ రోజులు అక్కడే. అందుకని మెకానిక్‌ల చుట్టూ తిరిగిందంతా నేనే. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆడమనిషి పోయి కారు తాళం గురించి అడిగితే ఎవరైనా వేసే మొదటి ప్రశ్న "సార్ రాలేదా మేడం?" అనే. తాళం సంగతి దాని తర్వాతే.

మొదట్లో తేడా చాలా చిన్నది. పొద్దున కీ పెడితే లోపలికి పోతుంది కానీ తిరగదు. బయటికి కొంచెం లాగి, మళ్లీ నొక్కి, అటూ ఇటూ కదిలిస్తే తిరిగేది. నాయన దాన్ని అసలు పట్టించుకోలేదు, "దానికి ఒక వాటం ఉంది, నీకు తెలీదు" అనేవాడు. ఫిబ్రవరి మూడో వారానికి ఆ వాటం నాయనకి కూడా దొరకడం మానేసింది.

అప్పుడు మేం ఎప్పుడూ సర్వీసింగ్‌కి ఇచ్చే మెకానిక్ దగ్గరికి పోయాను. చూడలేదు, అడగలేదు, డబ్బా తీసి తాళం రంధ్రంలోకి ఆయిల్ స్ప్రే కొట్టాడు. కీ గిర్రున తిరిగింది. 200 తీసుకున్నాడు. వారం, పది రోజులు హాయిగా నడిచింది. తర్వాత ముందుకంటే గట్టిగా పట్టేసింది. దీనికి కారణం తర్వాత తాళాలాయన చెప్పాడు. ఆ ఆయిల్ ఉన్న జిడ్డుని కాసేపు కదిలిస్తుంది, అది పోయాక మిగిలిన తడికి దుమ్మంతా అతుక్కుంటుంది. మన ఊరి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు కదా, అందులోనూ మా నాయన తోట దారి సగం మట్టి రోడ్డే.

మార్చి 16 ఆదివారం, సాయంత్రం ఆరున్నర, సుభాష్ రోడ్డులో ఒక బట్టల షాపు ముందు. వెనకాల సీట్లో మా అత్తమ్మ, పాప, కవర్లు. చక్రం అరుగుకి ఆనేలా పార్కు చేశాను. కీ పెట్టి తిప్పితే కదల్లేదు. ఎంత బలం పెట్టినా కదల్లేదు. వెనక ఒకాయన బైకు తీయాలి, ఇంకొకాయన ఆటో అడ్డం పెట్టి హారన్ కొడుతున్నాడు, పాప ఏడుపు, నాకు చెమటలు. కీ విరిగిపోతుందేమోనని ఒకటే భయం, ఎందుకంటే అది పిడి దగ్గర అప్పటికే కొంచెం వంగి ఉంది. ఆ హారన్ కొట్టిన ఆటో అతనే దిగి వచ్చాడు. "అక్కా, కీని వదిలేయ్, ముందు స్టీరింగ్‌ని ఎడమకి గట్టిగా లాగి పట్టుకో, ఇప్పుడు తిప్పు" అన్నాడు. తిరిగింది. కీ తీశాక స్టీరింగ్ తిరగకుండా పట్టి ఉంచే స్టీరింగ్ లాక్ లోపలి కడ్డీ మీద చక్రాల బరువు పడి ఉంటే కీ తిరగదు, స్టీరింగ్‌ని ఏ పక్కకి లాగితే ఆ బరువు తగ్గుతుందో ఆ పక్కకి లాగి తిప్పాలి. ఇన్నేళ్లుగా బండి నడుపుతున్నా, ఈ మాట ఎవ్వరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఒకటి గమనించడం మొదలుపెట్టాను. స్టీరింగ్ వదులుగా, కొంచెం అటూ ఇటూ ఆడుతూ ఉన్నప్పుడు కూడా కీ పట్టేస్తోంది. అంటే స్టీరింగ్ లాక్ మీద బరువు ఒక్కటే కారణం కాదు. సరే అని నాయన బీరువాలో ఆర్సీ, పాత ఇన్వాయిస్ పెట్టుకునే కవరు తీయించాను. అందులో కంపెనీ ఇచ్చిన రెండో కీ దొరికింది, ఇరవై ఏళ్లలో సరిగ్గా వాడనే లేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నమ్మలేకపోయాను. రోజూ వాడే కీ పళ్లన్నీ గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి, రెండో కీ మీద కొండలు లోయలు స్పష్టంగా కనపడుతున్నాయి. ఆ రెండో కీతో తిప్పితే చాలావరకు సులభంగా తిరిగింది. చాలావరకే, పూర్తిగా కాదు.

ఇక్కడ డూప్లికేట్ కీ చేయించేవాళ్లకి ఒక మాట. మనం అలవాటుగా జేబులో ఉన్న అరిగిన కీనే ఇస్తాం. మిషను దాని అరుగుదలను కూడా అచ్చంగా దింపుతుంది. కొత్తగా మెరుస్తూ ఉంటుంది, పనిచేసేది మాత్రం పాత కీ లాగే. నాయన రెండేళ్ల కిందట అట్లా చేయించిన కీ ఒకటి ఇంట్లో ఉంది, అదెందుకు ఎప్పుడూ పనిచేయలేదో అప్పుడు అర్థమైంది.

మార్చి 27, గురువారం రాత్రి ఇంటికొచ్చి ఇంజన్ ఆపాను. కీ వెనక్కి వస్తూ వస్తూ, రేడియో మాత్రమే పనిచేసే మధ్య గాడి దగ్గర ఆగిపోయింది. మా బండిలో అక్కడి నుంచి పూర్తిగా వెనక్కి తిప్పాలంటే కీని లోపలికి నొక్కి తిప్పాలి. ఆ నొక్కుడే పోవడం లేదు. కీ బయటికి రాదు, ముందుకి తిప్పితే మాత్రం స్టార్ట్ అవుతుంది! అంటే వీధిలో కీతో సహా కారు వదిలేసి పడుకోవాలి. అమ్మ అయితే "ఎవడైనా ఎత్తుకుపోతే పీడ పోతుంది" అని లోపలికి పోయింది. నాయన బానెట్ ఎత్తి 10 నంబర్ స్పానర్‌తో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ ఊడదీశాడు. దొంగ భయం కంటే బ్యాటరీ భయం ఎక్కువ ఆయనకి. కీ ఆ గాడిలో రాత్రంతా ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. నేను మాత్రం రాత్రి కిటికీ దగ్గరికి పోయి చూస్తూనే ఉన్నాను.

మరునాడు మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఇంటికి వచ్చాడు. ఈసారి సలహా ఇది: "బారెల్ పీకేసి డైరెక్ట్ చేసేద్దాం మేడం. ఒక స్విచ్చు, ఒక నొక్కుడు బటన్. ఐదు వందల్లో పోతుంది." బారెల్ అంటే తాళంలో మనం కీ పెట్టి తిప్పే భాగం. స్టీరింగ్ లాక్ కూడా విరగ్గొట్టేస్తాడట. ఈ ఊర్లో పాత కార్లకి ఇట్లా కాలింగ్ బెల్ స్విచ్చు పెట్టుకుని తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు, నాకు తెలుసు. నాయన ఒప్పుకునేలా ఉన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎవడైనా అద్దం దించి బటన్ నొక్కితే బండి పోతుంది, అదొకటి. సగం విరిగిన స్టీరింగ్ లాక్ కడ్డీ ఎప్పుడైనా నడుస్తుండగా జారి పడితే గుత్తి రోడ్డు మీద లారీల మధ్య స్టీరింగ్ బిగుసుకుపోతుంది, అది ఇంకా పెద్ద భయం. ఇన్సూరెన్సువాళ్లు కూడా దొంగతనం కేసులో కీ అడుగుతారు, అప్పుడు బటన్ చూపిస్తామా?

ఆ మధ్యాహ్నమే ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. ఇదే మొత్తం కథలో నాకు బాగా పనికొచ్చిన 250 రూపాయలు. ఆయన స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవర్ విప్పి, తాళం వెనక వైపు ఉండే కరెంటు స్విచ్చుని విడిగా ఊడదీశాడు. మనం ఇగ్నిషన్ అని ఒకటే అనుకుంటాం కానీ నిజానికి వరసగా మూడు ఉంటాయి. కీ పెట్టే బారెల్, దాంతో కలిసి పనిచేసే స్టీరింగ్ లాక్, వెనకాల కరెంటు స్విచ్చు. ఆ స్విచ్చు గాడిలో చిన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పగానే డాష్‌బోర్డు లైట్లు వెలిగాయి, ఇంకొంచెం తిప్పగానే ఠక్కున స్టార్ట్ అయ్యింది. టెస్ట్ లైటుతో వైర్లు కూడా చూశాడు. "కరెంటు వైపు ఏమీ లేదు మేడం, మీ జబ్బంతా బారెల్‌లోనే. ఎవరైనా స్విచ్చు మార్చాలంటే వద్దనండి" అన్నాడు. కీ మాత్రం ఆయన లాగుతూ నొక్కుతూ, తాళం బాడీని స్పానర్ వెనకతో మెల్లగా తడుతూ ఉంటే వచ్చేసింది. ఆ కవర్ ప్లాస్టిక్ ఇరవై ఏళ్ల ఎండకి పెళుసైపోయి ఉంటుంది, స్క్రూ దగ్గర ఒక మూల పుటుక్కుమంది. విప్పేవాళ్లకి ముందే చెప్పండి, మెల్లగా తీయమని.

ఇక తాళాలాయన. పాతూరు వైపు చిన్న బంకు, తాళాలూ కీలూ తప్ప ఇంకేం పని చేయడు. 28వ తేదీ సాయంత్రమే పోయాను కానీ రంజాన్ ముందు రోజులు, "పండగ అయ్యాక రాండమ్మా, ఇప్పుడు చెయ్యి పెడితే సగంలో వదిలేయాల్సి వస్తాది" అన్నాడు. 30న మన ఉగాది, 31న వాళ్ల పండగ. వారం ఆగాల్సి వచ్చింది. ఆ వారంలో ఊరికే కూర్చోలేక ఒక సర్వీస్ సెంటర్‌లో అడిగాను. వాళ్ల దగ్గర ఈ మోడల్‌ది స్టాకు లేదట. ఇగ్నిషన్, రెండు తలుపులు కలిపి సెట్టు ఆర్డర్ పెడితే కూలీ కాక 3,400, మూడు వారాలు. అడ్వాన్సు కట్టమన్నారు, వచ్చేశాను. బెంగళూరు జేసీ రోడ్డులో ఇగ్నిషన్ తాళం ఒక్కటే అయితే అందులో సగానికి దొరుకుతుందని నా స్టూడెంట్ అన్న ఒకడు కనుక్కుని చెప్పాడు. కాకపోతే ఇగ్నిషన్ ఒక్కటే మారిస్తే దానికొక కీ, తలుపులకొక కీ. మా నాయన ఒక్క కీకే కళ్లజోడు పెట్టుకుని వెతుక్కుంటాడు.

ఏప్రిల్ 5, శనివారం బండిని బంకు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన అడిగిన మొదటి మాట నాకు ఆశ్చర్యం. "సార్ రాలేదా" కాదు, "ఆర్సీ చూపించండమ్మా." ఆర్సీ నాయన పేరు మీద ఉంది కాబట్టి ఫోన్లో నాయన ఆధార్, నా ఆధార్ రెండూ చూపించాను. బండి నంబరు, పేరు నోటుబుక్కులో రాసుకుని అప్పుడు చెయ్యి వేశాడు. మీరు పోయేటప్పుడు కాగితాలు దగ్గర పెట్టుకోండి, లేకపోతే మళ్లీ ఇంటికి పోవాల్సిందే.

బ్యాటరీ టెర్మినల్ తీయించాడు. తర్వాత కార్బురేటర్ క్లీనర్ స్ప్రేకి సన్న గొట్టం తగిలించి తాళంలోకి కొట్టాడు. కింద పట్టిన తెల్లగుడ్డ మీదకి కాటుకలాంటి జిడ్డు కారింది. కారుతూనే ఉంది. కీ పెట్టడం, తీయడం, కీని గుడ్డకి తుడవడం, మళ్లీ కొట్టడం, ఇట్లా అరగంట. బాగా ఆరనిచ్చి చివర్లో గ్రాఫైట్ పొడి ఊదాడు. ఆయిల్ వద్దు, గ్రీజు వద్దు, కొబ్బరినూనె అసలు వద్దు, తాళానికి పొడే మందు అని గట్టిగా చెప్పాడు. 200 తీసుకున్నాడు. "ఇది సగం వైద్యమే. లోపల ఏదో విరిగిన చప్పుడు నాకు తగుల్తాంది. మళ్లీ పడితే విప్పాల్సిందే" అని కూడా అన్నాడు. నేను వినీ విననట్టు ఊరుకున్నాను, ఎందుకంటే కీ అంత బాగా తిరుగుతోంది మరి.

ఏప్రిల్ 12, శనివారం. నేనూ నాయనా తోట నుంచి వస్తూ బుక్కరాయసముద్రం దగ్గర మజ్జిగ తాగడానికి ఆగాం. తిరిగి స్టార్ట్ చేశాను, ఇంజన్ అందుకుంది, కానీ కీ వదిలినా వెనక్కి రాలేదు. స్టార్ట్ గాడిలోనే ఉండిపోయింది. ఇంజన్ నడుస్తున్నా, దాన్ని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటరు తిరుగుతూనే ఉంది, కర్‌ర్‌మని ఒళ్లు జలదరించే చప్పుడు. నాకు ఒక్క క్షణం చేతులు ఆడలేదు. నాయన పక్క నుంచి చెయ్యి చాచి కీని వెనక్కి బలంగా లాగాడు, చప్పుడు ఆగింది. అదే ఇంకాసేపు అట్లాగే ఉండి ఉంటే సెల్ఫ్ మోటరు కాలిపోయేది, తాళం ఖర్చు దాని ముందు లెక్కలోకే రాదు. ఇంటికి వచ్చేదాకా ఎక్కడా ఆపలేదు, పెట్రోల్ బంకు దగ్గర కూడా. కీ తిరగకపోవడం చిరాకు. కీ వెనక్కి రాకపోవడం మాత్రం ప్రమాదం, ఆ లక్షణం కనపడితే బండి బయటికి తీయకండి.

ఏప్రిల్ 20, ఆదివారం పొద్దున తొమ్మిదికి తాళాలాయన స్కూటర్ మీద ఇంటికే వచ్చాడు. బండిని వేపచెట్టు కిందకి తోశాం. అంతా ఒక గంట పని అనుకున్నా, మధ్యాహ్నం రెండు దాటింది, అందులో సగం రెండు బోల్టులకే పోయింది. తాళం బాడీని స్టీరింగ్ గొట్టానికి పట్టి ఉంచే బోల్టులకి తల ఉండదు. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడు ఒక స్థాయి దాటగానే తల తెగిపోయేలా చేస్తారట, దొంగ స్పానర్ పెట్టి విప్పకుండా. మనం రిపేరు చేసుకోవాలన్నా అదే అడ్డం. ఆయన సన్న ఉలి ఆ మొద్దు బోల్టు అంచుకి ఆనించి సుత్తితో మెల్లగా కొడుతూ, వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ వచ్చాడు. డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, నలభై దాటిన ఎండలో, పాపం ఆయన చొక్కా పిండితే నీళ్లు. నాయన ఫ్యాన్ బయటికి తెచ్చి పెట్టాడు, ఎక్స్‌టెన్షన్ వైరు చాలక పక్కింటి వాళ్లది అడిగాం.

బారెల్ బయటికి వచ్చాక అసలు సంగతి తెలిసింది. టవల్ పరిచి, దాని మీద విప్పాడు, స్ప్రింగు ఎగిరిపోతే దొరకదని. లోపల వరసగా చిన్న చిన్న ఇత్తడి రేకులు, ఒక్కో రేకుకి ఒక్కో స్ప్రింగు. సరైన కీ పెడితే రేకులన్నీ బారెల్ అంచుకి సమంగా వస్తాయి, అప్పుడే తిరుగుతుంది. మా దాంట్లో ఒక స్ప్రింగు రెండు ముక్కలై ఉంది. ఆ స్ప్రింగు లేని రేకు దానిష్టం వచ్చినట్టు జారుతూ, ఒకసారి లాక్ దగ్గర, ఒకసారి స్టార్ట్ దగ్గర గాడికి తగులుకుంటోంది. ఇంకో రెండు రేకుల మూలలు అరిగిపోయాయి. ఇన్ని నెలల గోల ఆ రెండు ముక్కల స్ప్రింగుదే.

తన డబ్బాలో పాత బారెళ్లు తెచ్చుకున్నాడు. రేకులు రకరకాల ఎత్తుల్లో ఉంటాయి, మా రెండో కీకి సరిపోయేవి వెతికి స్ప్రింగుతో సహా మార్చాడు. ఒకటి మాత్రం కచ్చితంగా కుదర్లేదు. "దీన్ని తీసేసినా తిరుగుతాదమ్మా, కాకపోతే దొంగకి ఒక మెట్టు తగ్గుతాది. లేదంటే ఆకురాయితో సరిచేస్తా, ఇంకో అరగంట." సరిచేయమన్నాను. అడక్కుండానే తీసేసేవాళ్లు కూడా ఉంటారు, ఆయన అడిగాడు, అది నాకు నచ్చింది.

బిగించేటప్పుడు తల తెగే రకం బోల్టులే మళ్లీ వేశాడు, జత 80 రూపాయలు. వాటిని పూర్తిగా బిగించే ముందు కీ మొదటి గాడిలో పెట్టి స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూశాడు, తర్వాత కీ తీసి లాక్ పడుతోందో లేదో చూశాడు. తల తెగాక సరిచేయాలంటే మళ్లీ ఉలే కదా. మీ బండికి ఎవరు చేసినా ఈ పరీక్ష కళ్లముందు చేయించుకోండి.

కూలీ 900. బంకుకి పోయాక ఆ రెండో కీని చూసి కోయించిన రెండు కొత్త కీలకి 300. కంపెనీ కీ మళ్లీ బీరువాలోకి పోయింది.

పోయేముందు ఆయన నాయన కీ గుత్తి చేతిలో పట్టుకుని తూచినట్టు ఎత్తి చూశాడు. అందులో ఇంటి తాళాలు, తోట మోటరు పెట్టె తాళం, గేటు తాళం, తిరుపతి నుంచి తెచ్చిన ఇత్తడి బిళ్ల. ఈ బరువంతా గతుకుల్లో ఊగుతూ బారెల్‌ని లాగుతుంది, కారు కీ విడిగా పెట్టుకోండి అన్నాడు. నాయన తల ఊపాడు. రెండు రోజులు విడిగానే పెట్టుకున్నాడు, తర్వాత కారు కీ ఎక్కడ పెట్టాడో తెలీక ఇల్లంతా వెతికించాడు, మళ్లీ గుత్తిలోకే చేరింది. ఇప్పుడు కొట్లాడి కొట్లాడి ఒక కొక్కెం రింగు కొనిచ్చాను, బండి ఎక్కాక గుత్తి నుంచి కారు కీని ఒక్క నొక్కుతో ఊడదీయొచ్చు.

ఇది రాసే నాటికి నెల దాటింది, ఇగ్నిషన్ తాళం ఎక్కడా పట్టలేదు. ఎడమ తలుపు తాళంలోకి మాత్రం కొత్త కీ సగమే పోతోంది, ఎన్నో ఏళ్లుగా దాన్ని ఎవరూ కీతో తీయలేదు, లోపలి నుంచి గుబ్బ ఎత్తి తీయడమే. దానికి కూడా స్ప్రే కొట్టి పొడి ఊదితే చాలంటున్నాడు, బండి తీసుకొస్తే 100 తీసుకుంటాడట.